ఆనవాళ్లు: పాలపిట్ట రంగు చీర

చీర కొంగుకు కుచ్చులు కట్టడానికి కూర్చునే ముందు కౌసల్య నేల మీద పాత పేపరు పరుస్తుంది. పరాయివాళ్ల పట్టుచీర, కొంగుకు మరక అంటితే మాట పడాలి. ఇరవై ఏళ్లుగా ఇదే అలవాటు. ఏ పేపరైనా ఆమెకు ఒకటే గానీ, జిల్లా ఎడిషన్ లోపలి పేజీ చేతికొచ్చిందంటే మాత్రం ఆ రోజు పండగే. దొంగతనాలు చేసినవాళ్లు, హత్యలు చేసినవాళ్లు, తప్పిపోయినవాళ్లు, అందరూ ఆ పేజీలోనే కాపురం ఉంటారు. వేళ్లు దారాలను పాయలు తీసి ముడులు వేస్తూ ఉంటే కళ్లు కింద పేపరు మీద తిరుగుతుంటాయి. సరిగ్గా హత్య జరిగే చోట కొంగు అడ్డం పడితే, చీర జరిపి మరీ చదువుతుంది.

ఆమెకు రక్తమంటే ఇష్టమేమీ కాదు. కోడిని కోస్తుంటే మొహం తిప్పుకునే మనిషి. ఆమెకు కావలసింది వార్త రాసినాయన వదిలేసిన సంగతులు. 'కూరలో ఉప్పు ఎక్కువైందని భార్యను చంపిన భర్త' అని రాస్తారు. ఏం కూర? అది రాయరు. చంపాక ఆయన ఆ పూట ఏం తిన్నాడు? అదీ రాయరు. ఆ కూర గిన్నె ఎవరు కడిగారు? ఈ మూడు ప్రశ్నలూ వారం రోజులు ఆమె బుర్రలో తిరిగాయి. పక్క పోర్షన్ కృష్ణకుమారికి చెప్పుకున్నాక గానీ మనసు నిమ్మళించలేదు.

కృష్ణకుమారిది గుంటూరు వైపు. భర్త ఉద్యోగం మీద వచ్చి పన్నెండేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లోనే అద్దెకుంటోంది. బట్టలుతికే బండల దగ్గర ఇద్దరి మధ్యా నడుమెత్తు గోడ ఒకటి ఉంది. పేపర్లో వచ్చిన నేరాలన్నిటి మీదా విచారణ ఆ గోడ దగ్గరే జరుగుతుంది.

"వదినా, ఇది విన్నవా? ఓ ఇంట్ల దొంగ వడ్డడంట. బీరువల ఉన్నదంత మూటగట్టిండు. ఫ్రిజ్‌ల ఉన్న పప్పన్నం తిన్నడు. తిన్న కంచం కడిగి బోర్లేసి మరీ పోయిండంట."

"కంచం కడిగాడా? అయ్యయ్యో, అలాంటి బంగారాన్ని పోలీసులకెందుకు పట్టించారండీ వదినా! ఇంట్లో పెట్టుకోవాల్సింది గదా."

"కంచం కడిగి ఉన్నది గాబట్టే, ఇది ఇంటాయన పని కాదని పోలీసోల్లకు అప్పుడే ఎర్కయిందంట."

ఇద్దరూ తడి చేతులతో గోడ పట్టుకుని నవ్వారు. లోపల్నుంచి కౌసల్య భర్త సిద్ధిరాములు "ఏందే గా నవ్వులు, చాయ్ పెట్టు" అని కేకేశాడు.

నవ్వు రాని వార్తలు కూడా ఉండేవి. మొన్నొక రోజు ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి రెండు పడ్డాయి. పైన ఒక రైతు గేదె తప్పిపోయింది. 'ఎడమ చెవి మీద తెల్లమచ్చ, కుడి కొమ్ము లోపలికి వంపు, నడకలో కొంచెం కుంటుతుంది, లచ్చిమీ అని పిలిస్తే తిరిగి చూస్తుంది' అని ఆయన పోలీసులకు చెప్పుకున్నాడు. కింద ఒక భార్య తప్పిపోయింది. 'చామనఛాయ, మధ్యరకం ఎత్తు, చీర ధరించి ఉంది.' అంతే. కౌసల్య ఆ రెండు వార్తలనూ నాలుగుసార్లు చదివింది. ఆ తర్వాత ఆమెకు పట్టుకున్న ఆలోచన ఇక వదల్లేదు. నేను తప్పిపోతే ఈయన ఏం చెప్తాడు?

చెప్పలేడేమోనని సందేహించాల్సిన మనిషి కాదు సిద్ధిరాములు. గుర్తుపట్టడంలో ఆయనది పెద్ద పేరు. మెయిన్ రోడ్డు పక్క సందులో పోచంపల్లి చీరల షాపు. పెళ్లికి పోతే పందిట్లో వెనక నుంచి చూసి చెప్తాడు: "గామె కట్టింది మన దగ్గర కొన్నదే, పోయిన దసరాకు, నాలుగో అరల నుంచి తీసిచ్చిన." అత్త అరుణమ్మ ఉన్నన్నాళ్లూ వచ్చినవాళ్లకల్లా చెప్పుకునేది, "నా కొడుకు కళ్లు మూసుకొని చెయ్యి పెట్టినా ఏ మగ్గం చీరనో చెప్తడు" అని. ఆ పక్కనే కౌసల్య వచ్చినవాళ్లకు చాయ్ గ్లాసులు అందిస్తూ నిలబడేది. ఆ చేతుల మీద ఎవరి చెయ్యీ పడలేదు, ఎవరి కన్నూ పడలేదు.

షాపు బోర్డు మీద పేరు కింద పెద్ద అక్షరాలతో 'ఫాల్ ఫ్రీ, కుచ్చులు ఫ్రీ' అని రాసి ఉంటుంది. ఆ ఫ్రీ అనే మనిషి కౌసల్యే. మధ్యాహ్నం ఫాల్ కుడుతుంది, రాత్రి వంటయ్యాక కుచ్చులు కడుతుంది. బిడ్డ రమ్య ఇంటర్ హాస్టల్లో చేరాక ఇంట్లో మనిషి తగ్గింది గానీ పని తగ్గలేదు. దారం లాగీ లాగీ ఎడమ చూపుడు వేలి మీద అడ్డంగా ఒక చార పడింది. చేతులు కడుక్కుంటుంటే ఇప్పటికీ మంట పుడుతుంది.

ఆ వేలిని చూసి ఆగిన మనిషి ఒక్కతే, మన్సూరాబాద్ ఇందిరాదేవి. ఆమెకక్కడ కుట్టు సెంటరు ఉంది. ఒక పెళ్లిలో ఎవరి కొంగుకో ఉన్న కుచ్చులు చూసి, కట్టినవాళ్లెవరని వెతుక్కుంటూ ఇంటి దాకా వచ్చింది. "మా దగ్గర పది మంది ఆడపిల్లలున్నరు. నువ్వొచ్చి ఈ పని నేర్పియ్యాలె. జీతమిస్త. సోమారం నాటికి చెప్పమ్మా, లేకుంటే ఇంకొకరిని చూసుకుంట" అంది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ కౌసల్య సంగతి ఎత్తితే సిద్ధిరాములు కంచంలోంచి తల ఎత్తలేదు.

"కుచ్చులు కుచ్చులే. గిది నీదని ఎవలన్న గుర్తుపడ్తరా? మన దసరా చీరలు ఎవలు చెయ్యాలె మరి?"

కౌసల్య తండ్రి భిక్షపతి పోచంపల్లిలో చిటికి కట్టేవాడు. రంగులో ముంచే ముందు దారాలకు రబ్బరు ముక్కలతో ముడులు వేసే పని అది. ఊళ్లో ఎన్ని చేతులు ఆ పని చేసినా, ముడి చూసి ఇది ఫలానావాళ్లు కట్టిందని ఆయన చెప్పేవాడు. ఆ మాట మొగుడితో అందామనుకుంది. అనలేదు. సోమవారం దాకా టైముంది కదా అనుకుంది. నిజానికి ఆమె ఒక్క మాట కోసం ఎదురుచూసింది. నీ చేతి పని బాగుంటుందని ఆయన ఒక్కసారి అంటే, ఇందిరాదేవికి వద్దని చెప్పేసేదే.

అప్పటికి ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. బస్సుల్లేవు, బడుల్లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలీదు. దసరా గిరాకీ సమయంలో షాపు మూతపడి సిద్ధిరాములు ఇంటిపట్టునే ఉన్నాడు. ఉంటే ఏం, సమ్మె షాపుకు గానీ వంటింటికి కాదు. ఆయన చాయ్‌లు రెండు నుంచి ఐదుకు పెరిగాయి.

ఆ ఆదివారం ఎల్బీనగర్ చౌరస్తాలో వంటా వార్పూ అన్నారు. విజయవాడ రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి అక్కడే తినడం. కాలనీ ఆడవాళ్లు రమ్మని పిలిచారు. కౌసల్యకు పోవాలనే ఉంది. రాష్ట్రం రావాలని ఆమెకు నిజంగానే ఉంది. రోడ్డు మీద వండటం ఎట్లా ఉంటుందో చూడాలనీ ఉంది. పొద్దున తొమ్మిదింటికి ఆమె పాలపిట్ట రంగు పట్టుచీర ఒళ్లో వేసుకుని కుచ్చులు కడుతోంది. ఎవరో కస్టమర్ది. ముదురెరుపు అంచు, కొంగు మీద ఏనుగుల బారు. సగం కొంగు అయ్యాక దారం తెంపి అంది.

"ఇగో, నేను ఎల్బీనగర్ పోతున్న. వంటా వార్పూకు. రెండింటికల్ల ఒస్త. అన్నం, చారు చేసి పెట్టిన."

సిద్ధిరాములు పేపరు పక్కకు వంచి చూశాడు. చూపు ఆమె ఒళ్లో పడి అక్కడే ఆగిపోయింది.

"గా రంగు చూసినవా! పాలపిట్టనే వచ్చి కూసున్నట్టున్నది. ఊఁ, ఊఁ. కొంగు నలగనియ్యకు."

కౌసల్య చీరను మడతపెట్టి మంచం మీద ఉంచింది. ఇంట్లో కట్టే పసుపుపూల నూలుచీరే కట్టుకుని ఉంది, అట్లాగే బయల్దేరింది. గోడ దగ్గర కృష్ణకుమారి పెద్ద గరిటె చేతికిచ్చింది.

"నేను రాకూడదు గానీ వదినా, నా గరిటెను తీసుకెళ్లండి. మా వైపు నుంచి ఇదీ మద్దతు అనుకోండి" అని నవ్వి, కొత్తపేటలో తమ్ముడింటికని తాళం వేసుకుని వెళ్లిపోయింది.

చౌరస్తాలో డప్పులు, పాటలు, జెండాలు. మైకులో మాట్లాడేవాళ్లంతా మగవాళ్లు, పొయ్యిల దగ్గరున్నవాళ్లంతా ఆడవాళ్లు. అది చూసి కౌసల్యకు నవ్వొచ్చింది. ఉల్లిగడ్డలు కోస్తున్నామెను అడిగింది, "అక్కా, రాష్ట్రం వచ్చినంక గీ గిన్నెలు ఎవలు తోమాలె?" ఆమె కళ్లు తుడుచుకుంటూ "ముందుగాల రానియ్యి చెల్లె" అంది. అయినా పులిహోర కలుపుతుంటే కౌసల్యకు ఒళ్లంతా సంతోషంగా ఉంది. నాలుగు గోడలు లేకుండా వంట చేయడం ఆమెకు జీవితంలో అదే మొదటిసారి.

ఒంటిగంటకు పోలీసులు వచ్చి రోడ్డు ఖాళీ చేయించారు. ఆడవాళ్లను పద్నాలుగు మందిని వ్యాన్ ఎక్కించారు. సాక్ష్యమో, ఆకలో తెలీదు గానీ పులిహోర గిన్నెను కూడా ఎక్కించారు. వాళ్ల కాలనీ కిందికొచ్చే స్టేషన్లోనే, వెనక గదిలో జంపఖానా వేసి కూర్చోబెట్టి, సాయంత్రం వదిలేస్తాం అన్నారు. మట్టయ్య అనే హెడ్ కానిస్టేబుల్ రిజిస్టరు పట్టుకుని ఒక్కొక్కరి వివరాలు రాసుకున్నాడు. నెరిసిన మీసాల పెద్దమనిషి.

"పేరు?"

"కౌసల్య."

"తండ్రి పేరో, భర్త పేరో చెప్పమ్మా."

భర్త పేరు చెప్తే షాపు పేరు కూడా పోలీసుల కాయితంలోకి ఎక్కుతుందేమో, రేపు ఆయనకు పరేషాన్ అవుతుందేమో అని ఆమె భయపడింది. "తండ్రి భిక్షపతి, పోచంపల్లి" అంది.

"ఆనవాళ్లు?" అని ఆమెను ఎగాదిగా చూడబోయి, మట్టయ్య చూపు గరిటె పట్టుకున్న చేతి మీద ఆగింది. "గదేంది, ఏలు మీద?"

"దారం కోసింది సార్. కుచ్చులు కడ్త."

'ఎడమ చూపుడు వేలిపై దారం కోసిన చార' అని ఆయన పైకి చదువుతూ రాసుకున్నాడు. కాసేపయ్యాక వచ్చి ఒక ప్లేటు పులిహోర అడిగి తిన్నాడు. కౌసల్య ఫోను ఇంట్లో చార్జింగులో ఉండిపోయింది. ఇంట్లో చెప్పే వచ్చాను కదా, ఫర్వాలేదనుకుంది.

ఐదు దాటాక, ముందు గదిలోంచి తెలిసిన గొంతు వినిపించింది. రెండు గదుల మధ్యా గోడ పైభాగం జాలీయే. మాటలన్నీ ఇవతలికి పడతాయి.

"నా భార్య తప్పిపోయింది సార్. పేరు కౌసల్య."

కౌసల్య లేచి నిలబడింది. ఇక్కడే ఉన్నానని పిలవబోయింది. ఇంతలో మట్టయ్య "ఆనవాళ్లు చెప్పు సేటూ, రాసుకుంట" అన్నాడు. ఆ మాట వినగానే ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఇన్నాళ్లుగా పేపర్లో వెతికిన ప్రశ్న, ఇప్పుడు గోడకు అవతల ఒక పోలీసాయన అడుగుతున్నాడు. జవాబు వినకుండా పిలవడం ఆమె వల్ల కాలేదు. జాలీ కిందికి జరిగి గోడకు ఆనుకుంది.

"చెప్పి పోయిందా?"

"చెప్పలే సార్. నేను తిని పండుకున్న. నాలుగింటికి లేసి చూస్తే చాయ్ లేదు. అప్పుడు ఎర్కయింది."

"ఫోన్ చేసినవా?"

"ఇంట్లనే మోగుతున్నది సార్."

"మనిషి ఎట్లుంటది?"

అవతల బల్ల మీద మనిషి అటూ ఇటూ కదిలిన చప్పుడు.

"మామూలుగ ఉంటది సార్. ఇంట్ల ఆడోల్లు ఎట్లుంటరు, గట్లనే."

"గట్ల రాస్తే ఎట్ల సేటూ. పుట్టుమచ్చలున్నయా? దెబ్బ మచ్చలు?"

"ఏమో సార్. గవన్ని ఎవలు చూస్తరు."

"సరె. ఏం చీర కట్టింది?"

సిద్ధిరాములు గొంతులోకి ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. "గది చెప్త, రాసుకోన్రి. పాలపిట్ట రంగు పోచంపల్లి పట్టు. అంచు ముదురెరుపు. కొంగు మీద ఏనుగుల బారు, కింది వరుసల తొండం ఎత్తిన ఏనుగు ఒక్కటే ఉంటది, అది దోషం కాదు, నేసినాయన సరదకు ఏసిండు. కొంగుకు సగం దాకనే కుచ్చులున్నయి. పొద్దుగాల నా కండ్ల ముందట్నే ఉండె."

కౌసల్యకు ఆ చీర కళ్ల ముందు కదిలింది. ఒక్కరోజు కూడా తను ఒంటికి చుట్టుకోని చీర. పొద్దున ఒళ్లో ఉన్న చీరను చూశాడు. చీర వెనకాల ఒక మనిషి ఉంటే, ఆ మనిషి అదే కట్టుకుని ఉంటుందనుకున్నాడు. ఆ తొండం ఎత్తిన ఏనుగు సంగతి, రెండు రోజులు ఆ కొంగు పట్టుకుని కూర్చున్న తనకే తెలీదు.

"జర ఆగు" అన్నాడు మట్టయ్య. కాయితాలు తిరగేసిన చప్పుడు. "లోపట ఒక కౌసల్య ఉన్నది సేటూ. మధ్యాహ్నం చౌరస్తల పట్టుకొచ్చినం. తండ్రి భిక్షపతి, పోచంపల్లి అని చెప్పింది."

"మా మామ పేరు గూడ గదే సార్. ఆ ఊర్ల భిక్షపతులు మస్తుమంది."

"ఏలు మీద దారం కోసిన చార ఉన్నది. పసుపుపూల నూలుచీర కట్టింది. పిలవాల్నా?"

కౌసల్య జాలీ వైపు తల ఎత్తింది. పిలవమను, అనుకుంది. ఒక్కసారి చూస్తానను. లేచి నాలుగడుగులు వెయ్యి.

"పసుపుపూల నూలా? అయితే మా ఆమె కాదు సార్. గసొంటి చీర మా ఇంట్లనే లేదు. చీర కాడ నేను పొరపాటు పడ, ఇరవై యేండ్ల యాపారం. ఊకె ఆమెను ఎందుకు లేపుడు, మీరు నా కంప్లేంటు రాసుకోన్రి."

ఏడుపొస్తుందేమోనని కౌసల్య కాసేపు చూసుకుంది. రాలేదు. ఒళ్లు మాత్రం మండింది, చెవుల దాకా. ఆ మంట సర్దుకున్నాక, చాలా కాలంగా ఉన్న ఒక తలనొప్పి తగ్గినట్టు తేలిగ్గా అనిపించింది. తెలుసుకోవాలనుకుంది, తెలిసింది. ఇక ఆయన నోటి నుంచి ఏ మాట కోసమూ ఎదురుచూడక్కర్లేదు. గేదె తప్పిపోయిన ఆ రైతును ఒకసారి చూడాలని మాత్రం ఆమెకు చాలా గట్టిగా అనిపించింది.

ఆరింటికి వదిలేస్తామని ఒక్కొక్కరినీ ముందు గదిలోకి పిలిచారు. సిద్ధిరాములు బల్ల మీద కూర్చుని గుమ్మం వైపు చూస్తున్నాడు. కౌసల్య గుమ్మంలోకి రాగానే ఆయన చూపు ఆమె చీర కుచ్చిళ్ల మీద పడింది, అక్కడ నుంచి వెనక వస్తున్నామె చీర మీదికి పోయింది.

"కౌసల్య" అని పిలిచాడు మట్టయ్య.

"ఉన్న సార్."

ఆ గొంతుకు సిద్ధిరాములు ఉలిక్కిపడి తల ఎత్తాడు. అప్పుడు చూశాడు మొహం.

"నువ్వా! ఇక్కడెందుకున్నవే? చెప్పకుండ ఎట్లొస్తవ్? గిదేం చీర, ఎక్కడిది?"

"మూడేండ్ల సంది ఇంట్లనే ఉన్నది" అంది కౌసల్య. "దినం తప్పి దినం నీ ముందటి తీగె మీదనే ఆరేస్త. పొద్దున నీకు చెప్పే వచ్చిన. నువ్వు చీర దిక్కు చూస్తున్నవ్."

మట్టయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి, రాసిన కంప్లేంటు సిద్ధిరాములు ముందుకు జరిపాడు. "మనిషి దొరికిందని రాసి సంతకం పెట్టు సేటూ." సిద్ధిరాములు కాయితం చదువుతూ, చెమట తుడుచుకుంటూ, పెన్ను కోసం జేబులు తడుముకున్నాడు. మట్టయ్య రిజిస్టరు కౌసల్య వైపు తిప్పాడు.

"అమ్మా, కేసు గిట్ల పిలిస్తే రావాలె. ఎక్కడ దొరుకుతవో రాసుకోవాలె."

"మన షాపు అడ్రస్ రాయన్రి సార్, దిల్‌సుఖ్‌నగర్" అన్నాడు సిద్ధిరాములు, తల ఎత్తకుండా.

కౌసల్య కృష్ణకుమారి గరిటెను చంకలో పెట్టుకుని, ముందు కంప్లేంటు కాయితం వైపు వేలు చూపించింది.

"సార్, గా పాలపిట్ట చీర ఏడికీ పోలే, ఇంట్ల మంచం మీదున్నది. సగం కొంగు మిగిలింది. కుచ్చులు ఫ్రీ అని బోర్డు మీద రాసింది ఈయననే, మిగిలింది ఈయన కట్టుకుంటడు." తర్వాత రిజిస్టరు మీద అదే వేలు ఆనించింది. "నా కాయితంల మన్సూరాబాద్ అని రాయన్రి. ఇందిరాదేవి మేడం కుట్టు సెంటరు. రేపు సోమారం సంది, ఎవలెతికినా నేను ఆడ్నే దొరుకుత."